కొక్కేనికి బరువున్నంతసేపూ

నా ఉద్యోగంలో కళ్ళు మూసుకోకూడదు. మా సంఘంలో మాత్రం, ప్రార్థన అంటే ముందు కళ్ళు మూసుకోవాలని సండేస్కూలు నాటి నుంచి నేర్పారు. జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో ఎల్‌డి షాపు క్రేన్ నడిపి ఈమధ్యే రిటైరయ్యాను. నా సర్వీసంతా ఈ రెంటి మధ్యే నడిచింది. "అంత వేడిలో, అంత చప్పుడులో దేవుడి మీద మనసు ఎలా నిలబడుతుంది బాబాయ్?" అని కొత్తగా పనిలో చేరిన మన తెలుగు పిల్లలు అడుగుతుంటారు. వేడీ చప్పుడూ ఎప్పుడూ అడ్డం కాలేదు. అడ్డం వేరే చోట ఉంది. అది చెప్పే ముందు పని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

షాపులో నేలకు చాలా ఎత్తున, రెండు వైపులా పట్టాలుంటాయి. వాటి మీద షాపు పొడవునా నడిచే పెద్ద వంతెన మా క్రేన్. ఆ వంతెన కింద వేలాడే గదిలో డ్రైవరు కూర్చుంటాడు. పొడవునా నడపడాన్ని ఎల్‌టి అంటాం, అడ్డంగా నడపడాన్ని సీటీ అంటాం, ఎత్తిదించేది హాయిస్టు. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి టార్పెడో బండ్లలో కరిగిన ఇనుము వస్తుంది. దాన్ని లాడిల్ అనే పెద్ద గిన్నెలోకి వంపుతారు. ఆ లాడిల్‌ను రెండు చెవుల దగ్గర పెద్ద కొక్కేలతో పట్టి ఎత్తి, ఉక్కు తయారయ్యే కన్వర్టర్ మూతి దాకా తీసుకుపోయి, చిన్న హాయిస్టుతో అడుగు భాగాన్ని లేపుతూ వంచి పోయాలి. నూరు టన్నులకు పైగా లోహం, 1,300 డిగ్రీల దాకా వేడి. కన్వర్టర్‌లో అప్పటికే తుక్కు ఇనుము వేసి ఉంటుంది. ఆ తుక్కులో ఎక్కడైనా నీటి చెమ్మ మిగిలితే పేలుతుంది. అందుకే గుక్కెడు గుక్కెడుగా మొదలుపెట్టి, మంట రంగు చూసుకుంటూ వంచాలి. ఆ తర్వాత పైనుంచి లాన్సు అనే గొట్టం దింపి పావుగంట పైచిలుకు ఆక్సిజన్ ఊదుతారు. ఇనుములోని కార్బన్ కాలిపోయి, 1,600 డిగ్రీలు దాటిన ఉక్కు తయారవుతుంది. ఎల్‌డి అంటే ఈ పద్ధతి పుట్టిన ఆస్ట్రియా ఊళ్ళ పేర్లు, లింజ్, డోనావిట్జ్. జంషెడ్‌పూర్‌లో ఇది 1983లో మొదలైంది.

కింద ఖలాసీలు ఉంటారు. కొక్కెం సరిగా పడిందో లేదో చూసి సైగ చేసేది వాళ్ళే. ఎత్తు, దించు, అటు, ఇటు అనే సైగలు ఆ పనికి పెట్టిన ఒక్క మనిషి చేస్తేనే డ్రైవరు వినాలి. "ఆపు" అన్న సైగ మాత్రం ఎవరు చేసినా వినాలి. దారిన పోయే స్వీపరు చెయ్యెత్తినా సరే, ముందు బండి ఆపి తర్వాత కారణం అడగాలి. ఇది మా దగ్గర మాత్రమే ఉన్న నియమం కాదు, ప్రపంచంలో ఏ క్రేన్ డ్రైవరుకైనా ఇదే మొదటి పాఠం. (ఇంట్లో నా భార్య ఈ నియమాన్ని నా మీద బాగా వాడుకుంది. నేను కోపంలో గొంతు పెంచితే చెయ్యి అడ్డంగా ఊపేది.)

ఇక అసలు సంగతి. లాడిల్ కొక్కేనికి ఉన్నంతసేపూ నేను దేవుణ్ణి తలుచుకునేవాణ్ణి కాదు. తలుచుకోకూడదు కూడా. ఒకసారి ఉపవాస కూటంలో ఈ మాట అంటే పక్కవాళ్ళు ఉలిక్కిపడ్డారు. ఎడతెగక ప్రార్థించమని పౌలు థెస్సలొనీక సంఘానికి రాశాడు కదా, నువ్వేమో గంటల తరబడి ఆయన్ని మరిచిపోతానంటావేమిటి అని ఒక పెద్దాయన అడిగారు. ఆ రాసిన పౌలు కూడా డేరాలు కుట్టుకుని బతికినవాడే. గట్టి బట్టలోకి సూది దించేటప్పుడు ఆయన చూపు సూది మీద కాక ఎక్కడుంటుంది? లాడిల్ తిరిగే షాపులో పదిమంది నడుస్తుంటారు, పదిమంది తల్లుల బిడ్డలు. వాళ్ళను కాపాడమని ఆ నిమిషంలో నేను దేవుణ్ణి అడగడం పెద్ద భక్తేమీ కాదు. లాడిల్‌ను నేల నుంచి జానెడు మాత్రం లేపి, అక్కడే నిలిపి, బ్రేకు పట్టిందో లేదో చూసుకుని ఆ తర్వాతే పైకి ఎత్తడం భక్తి. ఆ పరీక్షకు పట్టే సమయం కొద్ది సెకన్లే. ప్రొడక్షన్ తొందరలో దాన్ని దాటవేయాలని చెయ్యి లాగుతుంది. దాటవేయకుండా ఉండడమే నా ఎడతెగని ప్రార్థన అని ఆ పెద్దాయనకు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోలేదు.

పనికీ ప్రార్థనకూ మధ్య ఉన్న ఈ సమస్యకు మా ఊరి చరిత్రలో సగం జవాబు ముందే ఉంది. జంషెడ్‌జీ టాటా 1902లో తన కొడుకు దోరాబ్‌కు ఒక ఉత్తరం రాశాడు. కర్మాగారానికి స్థలం కూడా దొరకని రోజులవి. కట్టబోయే ఊళ్ళో వెడల్పాటి వీధులు, నీడనిచ్చే చెట్లు, ఆటస్థలాలు ఉండాలనీ, హిందువుల గుళ్ళకూ ముసల్మానుల మసీదులకూ క్రైస్తవుల చర్చీలకూ చోటు వదలాలనీ ఆ ఉత్తరంలో చెప్పాడు. 1907లో కంపెనీ పుట్టింది. 1911 డిసెంబరు 2న ఇక్కడి సాక్చీలో మొదటి ఇనుము కారింది. 1912లోనే ఇక్కడ ఎనిమిది గంటల పని మొదలైంది. దేశంలో చట్టం దాన్ని అందుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. చర్చికి చోటు వదలడం కన్నా ఈ ఎనిమిది గంటల సంగతే నాకు పెద్దది. స్థలం ఎవరైనా ఇస్తారు. మనిషికి రోజులో మిగతా పదహారు గంటలు ఇవ్వకపోతే ఆ చర్చికి ఎవరొస్తారు?

అయితే ఎనిమిది గంటలంటే మూడు షిఫ్టులు. ఎ షిఫ్టు పొద్దున ఆరు నుంచి రెండు, బి షిఫ్టు రెండు నుంచి రాత్రి పది, సి షిఫ్టు పది నుంచి పొద్దున ఆరు. ఫర్నేసుకు ఆదివారం తెలియదు. క్రిస్మస్ కూడా తెలియదు. గుడ్‌ఫ్రైడే నాడు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల ఆరాధన జరుగుతుంటే, ఎ షిఫ్టు వాడు మూడో నాలుగో మాట అయ్యాక గేటు దాటి, సైకిలు మీదో స్కూటరు మీదో వచ్చి ఆరో మాటకు వెనక బెంచీలో కూర్చుంటాడు. మా సంఘంలో ఆ వెనక బెంచీలన్నీ కంపెనీ వాళ్ళవే.

క్రైస్తవ పుస్తకాల్లో, ప్రసంగాల్లో మామూలుగా దొరికే సలహా ఒకటుంది. తెల్లవారుజామున లే, వాక్యం చదువు, రోజును దేవుడితో మొదలుపెట్టు. మంచి సలహాయే. కానీ అది రాత్రి నిద్రపోయేవాళ్ళకు. సి షిఫ్టు వాడికి తెల్లవారుజాము నాలుగున్నర అంటే కళ్ళు మండుతూ, చేతులు కంట్రోలర్ మీద ఉండే వేళ. వాడి రోజు ఎక్కడ మొదలవుతుంది? ఎక్కడ ముగుస్తుంది? వారం తిరిగేసరికి అదీ మారిపోతుంది. ఈ సలహాను పాటించలేక తాము ఆత్మీయంగా చల్లబడ్డామని కుమిలిపోయిన కార్మికులను చాలామందిని చూశాను. వాళ్ళు చల్లబడలేదు. గడియారం వేరే వాళ్ళది.

నాకు సాయపడినవి మూడు. మూడూ వేరే వేరే చోట్ల నుంచి వచ్చాయి.

మొదటిది నెహెమ్యా. పారసీక రాజు అర్తహషస్తకు ద్రాక్షారసం గిన్నె అందించే ఉద్యోగి. యెరూషలేము గోడలు కూలి ఉన్నాయని విన్నప్పటి నుంచి మనసు బాగాలేదు. ఎందుకలా ఉన్నావు, నీకేం కావాలి అని ఒకరోజు రాజు అడిగాడు. ఆ ప్రశ్నకూ తన జవాబుకూ మధ్య నెహెమ్యా ప్రార్థించాడు. గిన్నె చేతిలో ఉంది, రాజు ఎదురుగా ఉన్నాడు, కళ్ళు మూసుకునే వీలు లేదు. ఎంతసేపు ప్రార్థించి ఉంటాడు? ఒక్క ఊపిరి. ఇదిగో, డ్యూటీలో ఉన్న మనిషి ప్రార్థన ఇలా ఉండాలి అనుకున్నాను. లాడిల్ దించి, కొక్కేలు వదిలి, ఖలాసీ తర్వాతి సైగ చేసేదాకా బండి ఆగి ఉంటుంది చూడండి, ఆ సందు నాది. ఆ సందులో కింద నిలబడ్డ ఒక్కొక్కడి పేరు దేవుడి దగ్గర పలికేవాణ్ణి. అంతకు మించి ఏమీ అడిగేవాణ్ణి కాదు.

కానీ ఈ కథను సగమే చెప్పి ఊరుకునేవాళ్ళు ఎక్కువ. ఆ ఒక్క ఊపిరి ప్రార్థనకు ముందు కిస్లేవు నెల నుంచి నీసాను నెల దాకా నెహెమ్యా ఉపవాసాలు, కన్నీళ్ళు ఉన్నాయి. శీతాకాలమంతా చేసిన పెద్ద ప్రార్థన కొస ఆ చిన్న ప్రార్థన. పెద్దది లేకుండా చిన్నవాటితోనే బండి నడపాలని చూస్తే కొన్నాళ్ళకు అవి ఊతపదాలైపోతాయి. "ప్రెయిజ్ ద లార్డ్" అనే మాట మనవాళ్ళ ఫోన్ పలకరింపుగా మారిపోయిన తీరు చూడండి. అందుకే వారంలో నాకు సెలవు పడిన రోజున, అది మంగళవారమైనా శుక్రవారమైనా సరే, ఒక పూట మొత్తం వేరే పని పెట్టుకునేవాణ్ణి కాదు. దోముహానీ వైపు, ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలిసేచోటికి నడిచి వెళ్ళి కూర్చునేవాణ్ణి. బైబిలు తీసుకెళ్ళేవాణ్ణి, ఫోను ఇంట్లో పెట్టేవాణ్ణి.

రెండోది మా మామ్మ. నాన్నగారి వైపు వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. ఉత్తరాంధ్ర నుంచి, గంజాం నుంచి కంపెనీలో పనికి వచ్చిన కుటుంబాలు ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వాళ్ళు కట్టుకున్నదే. మనవాళ్ళలో క్రైస్తవులు వచ్చేటప్పుడు మూటలో గుడి తెచ్చుకోలేదు గాని పాటలు తెచ్చుకున్నారు. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషనరీలు దిగిన నాటి నుంచి ఆ ప్రాంతంలో సువార్త ఉంది. అందులో నిలిచిపోయినవి మాత్రం పురుషోత్తమ చౌధురి కీర్తనలు. 1803 నుంచి 1890 దాకా బతికిన ఆయన రాసినవి ఈరోజుకీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే ఎదురవుతాయి. మామ్మకు చదువు రాదు. పుస్తకం అవసరం కూడా లేదు, అన్నీ నోటికి వచ్చు. పప్పు రుబ్బుతూ ఒకటి, బొగ్గుల కుంపటి రాజేస్తూ ఒకటి. సి షిఫ్టులో చదవడానికి పుస్తకం, వెలుతురు, ఓపిక మూడూ లేని వేళ, నోటికి వచ్చిన పాటే మిగులుతుంది. బండి ఆగి ఉన్నప్పుడు పాడుకునేవాణ్ణి. షాపు చప్పుడులో ఎంత గట్టిగా పాడినా, ఎంత శ్రుతి తప్పినా ఎవరికీ వినపడదు. నా గొంతుకు అంతకన్నా తగిన చోటు లేదని మా ఇంట్లో ఏకాభిప్రాయం.

మూడోది జెస్యూట్ ఫాదర్ల నుంచి. మా ఊళ్ళో లయోలా స్కూలు, ఎక్స్‌ఎల్ఆర్ఐ వాళ్ళవే. ఎక్స్‌ఎల్ఆర్ఐని 1949లో మొదలుపెట్టింది ఫాదర్ క్విన్ ఎన్‌రైట్. యూనియన్ వాళ్ళకూ మేనేజ్‌మెంటు వాళ్ళకూ చదువు చెప్పిన కాలేజీగానే అది చాలామందికి తెలుసు. జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లయోలా 16వ శతాబ్దంలోనే తన వాళ్ళకు ఒక అలవాటు నేర్పాడు. రోజు చివర కూర్చుని, జరిగిన రోజంతా గంట గంటా వెనక్కి చూసుకోవాలి. ఎక్కడ కృతజ్ఞత పుట్టింది, ఎక్కడ మనసు మూసుకుపోయింది, ఎవరితో ఎలా మాట్లాడాను, రేపు ఏం కావాలి. కాథలిక్ పద్ధతి అని మా బాప్టిస్టు పెద్దలు కొందరు ముఖం చిట్లించారు. నాకు మాత్రం ఇది షిఫ్టు మనిషి కోసమే పుట్టినట్టుంది. దీనికి సూర్యుడితో పని లేదు. డ్యూటీ దిగిన గంటే రోజు చివర. పైగా మాకు అలవాటైన పనే. షిఫ్టు మారేటప్పుడు డ్రైవరు లాగ్‌బుక్కులో రాయాలి: బ్రేకు ఎలా ఉంది, తాడులో తీగలు తెగాయా, లిమిట్ స్విచ్ పనిచేసిందా, తర్వాత వచ్చేవాడు దేనిమీద కన్నేయాలి. ఉన్నది ఉన్నట్టు రాయాలి, ఎవరి మీదా కోపంతో రాయకూడదు. ఆ పుస్తకం మూసి మెట్లు దిగుతూ నా గురించిన లాగ్‌బుక్కు తెరిచేవాణ్ణి. గేటు దాకా నడిచే దూరం సరిపోయేది.

ధ్యాస తప్పిపోవడం గురించి అడిగేవాళ్ళకు క్రేన్ పనిలోంచి ఒక్క సంగతి చెబుతాను. తాడుకు వేలాడేది ఏదైనా ఊగుతుంది. కొత్త డ్రైవరు ఊగుతున్న లాడిల్‌ను చూసి బెదిరి, బండిని ఒక్కసారి వెనక్కి లాగుతాడు. దాంతో ఊగు ఇంకా పెరుగుతుంది. పని తెలిసినవాడు లాడిల్ ఎటు పోతోందో అటే బండిని మెల్లగా పోనిచ్చి, అది ఊగు చివరికి చేరే వేళకు సరిగ్గా దాని నెత్తి మీదికి వస్తాడు. తాళ్ళు నిటారుగా నిలబడతాయి, ఊగు చచ్చిపోతుంది. ప్రార్థనలో మనసు కూతురి ఫీజు మీదికి పోతే దాన్ని చెవి మెలేసి వెనక్కి లాగే అలవాటు మనకు సంఘంలో నేర్పారు. లాగకండి. దానితో పాటే వెళ్ళండి. ఫీజు ఎంత, గడువు ఎప్పుడు, భయమేమిటి, అన్నీ ఆయనకే చెప్పండి. దావీదు కీర్తనల్లో సగం శత్రువుల గొడవలు, ఒంటి నొప్పులే కదా. వాటిని ఎవరూ ధ్యాస తప్పిన ప్రార్థనలు అనలేదు.

ఏటా సెప్టెంబరు 17 ప్రాంతంలో విశ్వకర్మ పూజ వస్తుంది. జంషెడ్‌పూర్‌లో అది ప్రతి షాపుకూ పండగే. క్రేన్లకు దండలు వేస్తారు, కొత్త బట్టలు కట్టుకుని పిల్లలతో సహా వస్తారు. క్రైస్తవ కార్మికులకు ఆ రోజు ఇబ్బంది. వెళ్ళాలా, మానాలా? మానేసి ఇంట్లో కూర్చోవడమే సాక్ష్యం అనేవాళ్ళున్నారు. నా పద్ధతి వేరు. ముందురోజు బండి కడగడానికి, గ్రీజు తుడవడానికి అందరికన్నా ముందు వెళ్ళేవాణ్ణి. పూజ వేళకు పక్కన చేతులు కట్టుకుని నిలబడేవాణ్ణి, మొక్కేవాణ్ణి కాదు. దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. నా ఖలాసీల్లో ఒకతను ఉరావ్ లూథరన్. 1845లో జర్మన్ మిషనరీలు రాంచీ చేరినప్పటి నుంచి ఛోటానాగ్‌పూర్‌లో పాతుకున్న సంఘం వాళ్ళది. ఇంకొకతను ఐదు పూటలా నమాజు చేసే ముసల్మాను. అతనికి వేళ తప్పకూడదని అందరం కలిసి పని సర్దేవాళ్ళం. పనిముట్టు మీద గౌరవం, తోటివాడి ప్రాణం మీద భయం, ఈ రెండూ ఆ షాపులో అందరం ఒకే భాషలో పంచుకున్నాం.

ఇప్పుడు మొదట్లో చెప్పిన అడ్డం సంగతి. కేబిన్‌లో మొబైలు పనికిరాదని నియమం. అందుచేత ఆ ఎనిమిది గంటలూ నా ధ్యాస భద్రంగానే ఉండేది. చెదిరిపోయింది గేటు బయట. మిగతా పదహారు గంటల్లో, ఆ 1912 నాటి వాళ్ళు సంపాదించిపెట్టిన పదహారు గంటల్లో, ఇప్పుడు మనిషికి మిగిలేదెంత? క్యాంటీన్‌లో పక్కపక్కన కూర్చున్న నలుగురూ నాలుగు తెరల్లోకి చూస్తుంటారు. భక్తి పేరుతో చూసేది ఇంకా ప్రమాదం. ఒక ప్రసంగం సగం, ఇంకో పాట పల్లవి, ఒక సాక్ష్యం, మధ్యలో బియ్యం ప్రకటన. రోజుకు పది ప్రసంగాలు విన్నానని ఒక కుర్రాడు గొప్పగా చెప్పాడు. ఒక్కటి చెప్పమన్నాను. నవ్వేశాడు. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి మఠం వంటింట్లో గిన్నెల చప్పుడు మధ్య దేవుడి సన్నిధిని సాధన చేశాడని చదివాను. గిన్నెల చప్పుడు ఆయన్ని తన వైపు పిలవలేదు. మా షాపు చప్పుడూ నన్ను పిలవలేదు. జేబులోది మాత్రం పేరుపెట్టి పిలుస్తుంది.

సంఘ కాపరులకు, పెద్దలకు ఒక విన్నపం. జంషెడ్‌పూర్, విశాఖపట్నం, రూర్కెలా, భిలాయి, ఏ ఉక్కు ఊళ్ళో తెలుగు సంఘమున్నా ఇది వర్తిస్తుంది. ఆరాధనకు రాని వాడి విశ్వాసాన్ని శంకించే ముందు వాడి షిఫ్టు ఏదో కనుక్కోండి. ప్రభు బల్ల నెల మొదటి ఆదివారం పొద్దున ఒక్కసారే ఉంటే, ఆ వారం ఎ షిఫ్టు పడిన కుటుంబ యజమానికి మళ్ళీ నెల దాకా బల్ల లేదు. అదే రోజు సాయంత్రం నాలుగింటికి ఇంకోసారి పెట్టండి. రెండింటికి డ్యూటీ దిగి, స్నానం చేసి, భోంచేసి నాలుగింటికి రాగలడు. కుటుంబ ప్రార్థనకు ఇంటికి వెళ్ళేటప్పుడు అతను నిద్రపోయే వేళ కాకుండా చూసుకోండి. వారం మధ్యలో సెలవు పడేవాళ్ళ కోసం చర్చి తలుపు ఒక పూట తీసి ఉంచండి, ప్రసంగం అక్కర్లేదు. వచ్చేది నలుగురే అయినా తీసి ఉంచండి.